ముక్కల మేడమ్

మందుల షాపు పైన, మేడ మీది గదిలో స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పే టీచరమ్మకు శిష్యులు పెట్టిన పేరు ముక్కల మేడమ్. పేరు ఊరికే రాలేదు. వస్తువులు పగిలే మాటల పాఠం ఉన్న రోజున ఆవిడ సంచి నిండా సామాను మోసుకొచ్చి, బల్ల మీద పరిచి, ఒక్కొక్కటే పాడుచేసి చూపిస్తుంది. చాక్‌పీసును రెండు చేతులతో పట్టుకుని టక్కున విరిస్తే స్నాప్. కప్పు అంచు కాస్త ఎగిరిపోతే చిప్. బీట పడినా ఇంకా నీళ్ళు ఆగే గ్లాసుది క్రాక్. వేళ్ళ మధ్య పొడిపొడిగా రాలిపోయే బిస్కెట్టుది క్రంబుల్. చివర్లో అదే గ్లాసును నేల మీద పెట్టి, సుత్తితో ఒక్కటి వేసి, "స్మాష్ అంటే కొట్టినవాడి సంగతి. షాటర్ అంటే పగిలినదాని సంగతి. ఏ ముక్క ఎటు పోయిందో ఇక దానికే తెలీదు," అంటుంది. క్లాసంతా నోరు తెరుచుకుని చూస్తుంది. ఊడ్చేది మాత్రం ఆవిడే.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. వస్తువును చూపిస్తే మాట అర్థమవుతుంది గానీ మనిషిని చూపిస్తేనే గుర్తుంటుందని ఆవిడ సిద్ధాంతం. అందుకని ఇంట్లోవాళ్ళందరినీ ఒక్కో మాటకు పంచిపెట్టింది. నాన్న పన్ను చిప్ అయింది. పెళ్ళిలో పాట పాడబోయిన బాబాయి గొంతు క్రాక్ అయింది. మామయ్య వ్యాపారం క్రంబుల్ అయింది. చెల్లెలు షాటర్ అయింది.

చెల్లెలి మొగుడు, ఇద్దరూ కలిసి నడుపుకుంటున్న ఫోటో స్టూడియోకు తాళం వేసి, వేరొకామెతో వెళ్ళిపోయాడు. ఆ రాత్రి చెల్లెలు స్నానాలగదిలో కింద కూర్చుని, తన ఏడుపు పక్కవాటాలోకి వినపడకుండా కుళాయి తిప్పి వదిలేసింది. ఆ కుళాయి సంగతి ఆ పిల్ల ఆ రాత్రే ఫోన్ చేసి అక్క ఒక్కదానికే చెప్పుకుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఇక్కడ చెల్లెలి కడుపును అక్క చించింది, అదీ శిష్యుల ముందు. మొదటిసారి చెప్పినప్పుడు ఒక్కరూ కదల్లేదు. ఆ నిశ్శబ్దానికి టీచరమ్మ రుచి మరిగింది. బ్యాచ్ మారినప్పుడల్లా కథకు కాస్త కండ పట్టింది. చివరికి ఆ రాత్రే అక్క చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తి, కుళాయి కట్టేసి, చెల్లెల్ని ఒళ్ళో పడుకోబెట్టుకుందన్న చోట ఒకరిద్దరు కళ్ళు తుడుచుకునేవారు. నిజానికి అవి కొత్త బ్యాచ్‌లో జనాన్ని చేర్చుకునే రోజులు. ఆవిడ వెళ్ళింది నాలుగో రోజున, తీరిగ్గా, చెప్పులతోనే.

ఇప్పుడు చెల్లెలు అక్క దగ్గరే ఉంటోంది. మనిషి తేరుకుంది. హోటల్ రిసెప్షన్‌లో ఉద్యోగానికి పిలుపు వచ్చింది, ఇంగ్లిష్ వస్తేనే తీసుకుంటామన్నారు.

"అక్కా, నీ క్లాసులో కూర్చుంటాను," అంది. "చెల్లెల్నని మాత్రం చెప్పకు. నేను తప్పులు మాట్లాడితే నీకు నామోషీ. అందరిలాగే నేనూ మేడమ్ అంటాలే."

టీచరమ్మ నవ్వి సరేనంది. చెల్లెలు వచ్చే రోజున ఆ పాఠమే పడుతుందని తరువాత గుర్తొచ్చింది. ఈసారికి గ్లాసుతో సరిపెడితే పోయిందిలే అని సర్దిచెప్పుకుంది.

సరిపెట్టింది కూడా. గ్లాసు పగిలింది, షాటర్ అయిపోయింది, ఆవిడ గబగబా బోర్డు తుడవబోయింది. ముందు బెంచీలో ఫ్రిజ్‌ల మెకానిక్ లేచాడు. ఇతను ఇంగ్లిష్‌తో పాటు భయం కూడా నేర్చుకుని, అది పోయేదాకా బ్యాచ్ తరువాత బ్యాచ్‌లో కూర్చుంటున్న మనిషి. అందరూ అతన్ని రిపీటు అని పిలుస్తారు.

"మేడమ్, మీ చెల్లెలి ఎగ్జాంపుల్ మర్చిపోయారు."

"టైమ్ లేదండీ. కూర్చోండి."

"అయ్యో, అదే కదా మేడమ్ అసలు పాఠం. మీరు అలిసిపోయారు, నేను చెప్తాను."

గురుభక్తి ముదిరితే ఆపడం ఎవరి తరం? స్టూడియో తాళం నుంచి మొదలుపెట్టి ఒక్కటీ వదల్లేదు. స్నానాలగది చెప్పాడు, కుళాయి చెప్పాడు, పక్కవాటా చెప్పాడు. "ఆ అమ్మాయిని తల్చుకుంటే నాకు ఇప్పటికీ జాలేస్తుందండీ," అన్నాడు. చెప్పుల్లేకుండా పరుగెత్తిన అక్క దగ్గర అతని గొంతు నిజంగానే జీరపోయింది. వెనక బెంచీలో ఎవరో నిట్టూర్చారు. టీచరమ్మ తేలు కుట్టిన దొంగలా డస్టరు పట్టుకుని నిలబడింది. చెల్లెలి వైపు చూడలేకపోయింది.

"డౌట్, మేడమ్."

చెల్లెలి గొంతే. క్లాసులో ఎలా అడగాలో అక్క నేర్పినట్టే చెయ్యి పైకెత్తింది.

"ఆ రాత్రే వెళ్ళారా మీరు?"

అందరూ కొత్తమ్మాయి వైపు చూసి, తరువాత మేడమ్ వైపు తిరిగారు. లేదు అన్నది ఒక్క మాటే. అది అంటే ఈ బెంచీలన్నీ తనను ఏ కళ్ళతో చూస్తాయో ఆ క్షణంలో కనిపించింది. ఎదురుగా నిజం తెలిసిన మనిషి కూర్చుని ఉండగానే ఆవిడ అవునని తల ఊపింది.

చెల్లెలు చెయ్యి దించింది. "థాంక్యూ మేడమ్," అని నోట్సులో ఏదో రాసుకుంది.

క్లాసు అయ్యాక అందరూ దిగిపోయారు. చెల్లెలు మూలనున్న చీపురు తీసి గాజు ముక్కలు ఊడవడం మొదలుపెట్టింది.

"నేను ఊడుస్తాలే. చెయ్యి తెగుతుంది," అంది టీచరమ్మ.

"పర్లేదు మేడమ్."

"అందరూ వెళ్ళిపోయారే. ఇంకా మేడమ్ ఏంటి?"

చెల్లెలు బెంచీల కిందికి వంగి, దూరంగా పోయిన ముక్కల్ని కూడా లాగింది. క్షమించవే అందామనుకుంటే, ఇందాక అవునని ఊపిన ఆ తలతోనే ఆ మాట ఎలా అనాలో టీచరమ్మకు తెలియలేదు.

"రేపటి నుంచి రావా?" అని మాత్రం అడగగలిగింది.

"వస్తాను మేడమ్. నాకు ఉద్యోగం కావాలి కదా."

"ఒక్కసారి అక్కా అనవే."

చెల్లెలు చీపురు గోడకు ఆనించి, ముక్కలెత్తిన చేటను ఆవిడ చేతికిచ్చింది.

"ఆ రాత్రే పరుగెత్తుకొచ్చిన అక్క ఒకావిడ ఉంది చూశారూ," అంది. "ఆవిడ వస్తుందని నేను నాలుగు రోజులు ఎదురుచూశాను మేడమ్."

చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్ళింది. టీచరమ్మ చేట పట్టుకుని అక్కడే ఉండిపోయింది.