తొంభై రెండు ఆరులు

డాక్టర్ కమలాదేవి నోటుబుక్కులో నాలుగు పేజీలు తిప్పి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"సార్, యూనివర్సిటీల మీరు ఏం చెప్పేటోరు?"

"స్టాటిస్టిక్స్. ముప్పై ఒక్క సంవత్సరాలు."

"మరి గిదేంది?"

నా మనవరాలు హారికను తార్నాకలోని ఆ క్లినిక్కుకు తీసుకువచ్చి అరగంట అయింది. ఇంటర్ రెండో సంవత్సరం పిల్ల. ఆ ఉదయం కాలేజీ బస్సు ఎక్కబోతూ మెట్టు దగ్గరే స్పృహ తప్పి పడిపోయింది. నిద్ర ఎంతసేపు పోతుందని డాక్టరు అడిగితే జవాబుగా ఆ నోటుబుక్కు అందించాను. రోజూ పొద్దున హారిక చెప్పిన గంటలను నా చేతితోనే అందులో రాశాను. జులై మొదటి వారం తరువాత ప్రతి వరుసలోనూ ఒకటే అంకె.

"తొంభై రెండు రోజులు ఆరే ఉన్నది. ఒక్కనాడన్న అయిదున్నర లేదు, ఏడు లేదు. జ్వరమొచ్చిన రోజు సుత ఆరేనా?"

విద్యార్థులు తెచ్చిన పట్టికల్లో అంకెలు ఇలా కదలకుండా కనిపిస్తే, ఇవి కొలిచినవి కావు, కల్పించినవని ఎర్ర సిరాతో రాసి తిప్పి పంపినవాణ్ని. హారిక తల వంచుకుని తన చెప్పుల వైపే చూస్తోంది.

పిల్ల చిక్కిపోతోందని, ఆ ఐఐటీ కాలేజీ మాన్పించి మామూలు కాలేజీలో చేరుస్తానని నా కూతురు విజయశ్రీ ఆగస్టులోనే అన్నది. "భయంతో నిర్ణయాలు తీసుకోకూడదమ్మా, ఆధారాలు చూడు" అంటూ ఈ నోటుబుక్కే ఆమె ముందు తెరిచాను. ఆరు గంటల నిద్ర, పెరుగుతున్న మార్కులు. అంతకు ముందు వారమే, వాళ్ల నానమ్మ హారిక చేతికి కట్టిన తాయెత్తును విప్పించి, కార్యకారణ సంబంధం మీద అరగంట ఉపన్యాసం ఇచ్చాను. విజయశ్రీ మరి మాట్లాడలేదు. అంకెలతో ఎవరు వాదిస్తారు?

ఇంటికి అప్పుడే వద్దంది హారిక. ఆటోను యూనివర్సిటీ క్యాంపస్ లోపలికి పోనిచ్చి, ఆర్ట్స్ కాలేజీ ఎదుట నీడలో ఒక బెంచీ మీద కూర్చున్నాము.

"ఫస్ట్ వీక్ నిజమే చెప్పిన తాతా. నాలుగు, మూడున్నర, నాలుగు. గుర్తుందా?"

గుర్తుంది. ఆ వరుసలు ఇంకా ఉన్నాయి.

"నువ్వేం తిట్టలే. పెన్ను ఆపి, 'ఆరు లేకపోతే మెదడు పనిచేయదే' అన్నవ్. మర్నాడు ఆరు అన్న. నీ ఫేస్ ఎంత హ్యాపీ అయిందో. ఇగ రోజూ అదే అన్న."

"కనీసం అంకె మార్చి చెప్పాల్సింది కదే."

"నువ్వు పట్టుకుంటవ్ అనుకున్న. రోజూ అనుకున్న. స్టాటిస్టిక్స్ సార్‌వి కదా."

ఎదుటి మెట్ల మీద విద్యార్థులెవరో నవ్వుకుంటున్నారు.

"కాలేజీ మానేస్తావా?"

"నన్ను అడుగుతున్నవా, బుక్కుల రాసుకోనీకా?"

"నిన్నే."

"ఐఐటీ సీటు నాకే కావాలనుకుంటా. మళ్ల నీకు కావాలేమో అనిపిస్తది. ఏది ఎవరిదో తెలుస్తలేదు తాతా. ముందు పడుకుంట. తర్వాత చెప్త."

ఇంటికి చేరగానే విజయశ్రీతో, ఆగస్టులో తన మాటే సరైనదని, నేను చూపిన అంకెలు అబద్ధమని చెప్పాను.

"మీకు తెలియలేదా నాన్నా?" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే తేలికగా ఉండేది.

"తెలుసుకోదలచుకోలేదు."

కాలేజీకి నేనే ఫోన్ చేశాను. నెల రోజులు రాదని, ఆ తరువాత వచ్చేదీ రానిదీ పిల్లే చెబుతుందని అన్నాను.

"సండే టెస్ట్ కూడా రాయదా సార్? ర్యాంకు పడిపోతది."

"పడనివ్వండి" అన్నాను. ఆ మాట అనడానికి నాకు మూడు నెలలు పట్టింది.

మర్నాడు హారిక తొమ్మిదిన్నరకు లేచి, దుప్పటి భుజాన వేసుకుని ముందు గదిలోకి వచ్చింది. అలవాటుగా నోరు తెరిచి, మూసుకున్నాను.

"ఎన్ని గంటలో తెల్వదు తాతా. లెక్క పెట్టలే" అంది తనే.

వంటింటి గుమ్మంలోంచి విజయశ్రీ నా వైపు చూసింది. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.