మునిలక్ష్మి బండి బ్రేకులు

1983 జూన్‌లో ఒక సోమవారం పొద్దున మునిలక్ష్మి తన చిన్న మోటార్‌సైకిల్‌ను పుంగనూరులో గోపాలస్వామి షెడ్డు ముందు ఆపింది. ఆమె ఊరూరా తిరిగి పిల్లలకు టీకాలు వేసే నర్సు. బండి చనిపోయిన తండ్రిది. ఆడమనిషి బండి నడపడం ఆ వీధుల్లో ఇంకా వింతే.

"వెనక బ్రేకు సరిగ్గా పట్టడం లేదన్నా, రోంత సూడు" అంది.

గోపాలస్వామి చక్రం విప్పాడు. బ్రేకు షూల మీది లైనింగు అరిగిపోయి లోపలి లోహం కనిపిస్తోంది. అంత పాత బండికి కొత్త షూలు మదనపల్లె నుంచి తేవాల్సిందే.

"బండి ఈడే పెట్టిపోమ్మా. రేపు పోయి తెస్తాను."

"యాడ కుదురుతాది? మూడూర్లలో తల్లులు పిల్లోళ్లని ఎత్తుకోని కాసుకోనుంటారు. టీకా మందు పెట్టెలో ఐసు కరిగేలోపల పోవల్ల."

అతను గట్టిగా వద్దనాల్సింది. అనలేదు. చక్రం బిగించి, బ్రేకు రాడ్డు చివరి నట్టును ఇంకొన్ని చుట్లు తిప్పాడు. పెడల్ కాలికి గట్టిగా తగిలింది. ఆ గట్టిదనం ఎంతోసేపు నిలవదని అతనికి తెలుసు.

"ఒక్క రోజుకేం కాదులే, మెల్లగా పో."

మధ్యాహ్నం గుట్ట దిగుతుంటే బండి ఆగలేదు. మలుపులో కల్వర్టు గోడకు కొట్టుకుంది. దారిన పోయే లారీవాళ్లు ఆసుపత్రికి ఎత్తుకొచ్చేసరికే మునిలక్ష్మి ప్రాణం పోయింది.

పరామర్శకు వచ్చినవాళ్లంతా ఒకటే మాట. "దూకుడు. ఆడబిడ్డకు బండి యాల ఇయ్యాల?" మేనమామ నల్లప్ప కూడా అదే అన్నాడు. తాళంచెవి తన చేత్తోనే ఇచ్చిన తల్లి సిద్ధమ్మ, కన్నీళ్లు రాక, గోడకానుకుని ఆ మాటలు వింటూ కూర్చుంది.

పదకొండో రోజు గోపాలస్వామి ఆ ఇంటికి వెళ్లాడు.

"అమ్మా, బిడ్డ తప్పు లేదు. షూలు అరిగిపోయినాయని నాకు తెలుసు. తెలిసే పంపించినాను."

సిద్ధమ్మ తలెత్తింది. "ఆ మాట అందరికీ ఇనబడేట్టు చెప్పు."

వసారాలో కూర్చున్న బంధువుల ముందు నిలబడి అతను మళ్లీ చెప్పాడు. నల్లప్ప లేచి అతని చొక్కా పట్టుకున్నాడు.

"వదులు నల్లప్పా" అంది సిద్ధమ్మ. తర్వాత గోపాలస్వామి వైపు తిరిగింది. "నా బిడ్డ బ్రేకు తొక్కింటాదా అప్పా?"

"తొక్కిందమ్మా. పోలీసులు బండి సూపిస్తే సూసినాను. పెడల్ కడ్డీ కిందికి వంగిపోయుండాది. అంత గట్టిగా తొక్కింది."

అప్పుడు ఏడ్చింది సిద్ధమ్మ. కొంగు నోట్లో కుక్కుకుని, నేల మీదికి ఒరిగిపోయి, కూతురిని పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. ఆ వసారాలో ఇంక ఎవరూ దూకుడనే మాట ఎత్తలేదు.

చాలాసేపటికి ఆమె లేచి కూర్చుంది. అతను ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

"నిజం చెప్పినావు. కానీ ఇంక మా ఇంటికి రాబాకప్పా. నీ మొగం నేను సూడలేను."

నెల తిరక్కుండానే గోపాలస్వామి షెడ్డు మూసేసి, కుప్పంలో వేరొకరి దగ్గర కూలికి కుదిరాడు. క్షమించమని సిద్ధమ్మను అతను ఏనాడూ అడగలేదు. అడిగే ధైర్యం అతనికి లేకపోయింది.