అంకెల ఏడుపు

శవం మళ్ళీ తుమ్మింది.

"కట్!" అని దర్శకుడు నెత్తి కొట్టుకున్నాడు. "పెద్దాయనా, చచ్చినవాడు ఎక్కడైనా తుమ్ముతాడా? పొద్దున్నించీ ఇదే గోల!"

"జలుబు బాబూ. ఆగమంటే ఆగుతుందా?" అంది గడ్డం దాకా దుప్పటి కప్పుకున్న శవం.

యూనిట్ అంతా ఘొల్లుమంది. శవం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్న ఆవిడ మాత్రం నవ్వలేదు. సిమెంటు నేల మీద మోకాళ్ళు మంట పుడుతున్నాయి. లైట్ల వేడికి మొహానికి పూసిన రంగు చెమటతో కలిసి మెడలోకి కారుతోంది. భోజనాల వేళ దాటిపోయింది, మొగుడు పోయిన ఆడదానిగా ఆవిడ ఏడవాల్సిన ఒక్క షాటూ ఇంకా తెమల్లేదు.

సినిమావాళ్ళు ఆవిణ్ణి అమ్మగారంటారు. పదేళ్ళుగా వేసినవన్నీ తల్లి వేషాలే మరి. అంతకుముందు నాటకాల్లో ఉన్నప్పుడు గంటమ్మ అనేవారు. ఆవిడ నోరు తెరిస్తే ఆఖరి బెంచీలో కునికిపాట్లు పడేవాడు కూడా ఉలిక్కిపడి నిటారుగా కూర్చునేవాడు. ఆ శవమూ పరాయివాడేం కాదు. అదే నాటకం కంపెనీలో ఏళ్ళ తరబడి రాజు వేషం కట్టినవాడే. ఇప్పుడు శవం. మాట లేని వేషానికి సగం కూలి అని ఇక్కడో రివాజు. "కిరీటం బరువు లేదు, పడుకుంటే డబ్బులు, ఇంకేం కావాలి గంటా?" అని తనమీద తనే జోకులేసుకుంటాడు.

నాటకం ఆడితే వచ్చేది బస్సు చార్జీలకి బొటాబొటిగా సరిపోయేది. ఇక్కడ మూడు రోజుల కూలితో నెల అద్దె గడుస్తుంది. అందుకే కదా అందరూ ఇటు పరిగెత్తుకొచ్చింది! తీరా వచ్చాక ఆవిడ గొంతు ఎవరికీ అక్కర్లేకపోయింది. "స్టేజీ గొంతమ్మా మీది, హాలు పగిలిపోతుంది" అన్నారు మొదటి సినిమాలోనే. మొహం ఈవిడది, గొంతు ఇంకొకావిడది. ఆ ఇంకొకావిడ తలుపులు మూసిన గదిలో మైకు ముందు నిలబడి సినిమాల్లో తల్లులందరి తరఫునా తనే ఏడుస్తుంది. ఆవిణ్ణీ అనడానికి లేదు, ఆవిడ పొట్ట తిప్పలు ఆవిడవి.

ఎలాగూ మార్చే గొంతే కదా అని, షూటింగు నాటికి మాటలు రాసివ్వడం కూడా మానేశారు. "అంకెలు చెప్పేయండమ్మా, పెదాలు కదిలితే చాలు" అంటారు. ఒకటి, రెండు, మూడు అంటూ ఏడవాలి. ఆ పెదాలకి సరిపడే మాటలు తర్వాత ఎవరో తాపీగా అతికిస్తారు. మొదట్లో ఆవిడకి సిగ్గేసింది. పోను పోను అలవాటైపోయింది. ఏడు దగ్గర గొంతు పూడుకుపోవాలి. పదకొండు దగ్గర గుండెలు బాదుకోవాలి. పద్దెనిమిదికి శవం మీద పడిపోవాలి. జనం హాల్లో ఆ అంకెలు చూసే కళ్ళు తుడుచుకున్నారు, పాపం.

పోయిన నెల ఆవిడ అక్క పోయింది.

తల్లి లేని పిల్లని బట్టలు కుట్టి పెంచింది ఆ అక్కే. అందరూ కాదన్నా చెయ్యి పట్టుకుని నాటకం కంపెనీకి తీసుకెళ్ళి చేర్పించిందీ ఆవిడే. కబురు అందగానే గంటమ్మ కట్టుబట్టలతో పరిగెత్తింది. అక్క మీద పడి నోరు తెరిచింది. "ఒకటి" అని వచ్చింది. చప్పున నోరు మూసుకుంది. మళ్ళీ తెరిస్తే "రెండు... మూడు..." అక్కా అన్న మాట ఎంత వెతుక్కున్నా నోటికి దొరకలేదు. "అదేమిటే, అక్క పోతే ఈ లెక్కలేమిటి?" అంది పిన్ని. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. కూతురు ఆవిడ రెక్క పట్టుకుని పక్క గదిలోకి లాక్కుపోయి, "పరువు తీశావు కదమ్మా" అంది. కూలికి ఏడ్పించుకున్నారు, సరే. సొంత ఏడుపు కూడా మిగల్చకపోవడం ఏం న్యాయం?

అప్పటినించీ ఆవిడకి కుదురు లేదు. కూర తరుగుతూ తరుగుతూ లేచిపోతుంది. గడప దాకా వెళ్ళి, ఎందుకొచ్చానా అని తిరిగొస్తుంది. గోడ వైపు తిరిగి "అక్కా" అనబోతుంది, అది నాలిక చివర ఆగిపోతుంది. ఇక ఈ జన్మకి ఇంతేనా అని భయం.

అందుకే ఇవాళ పొద్దున మేకప్ వేసుకుంటూ సహాయ దర్శకుణ్ణి బతిమాలింది. "బాబూ, ఈ ఒక్కసారికి మాటలు ఇప్పించవూ?"

"ఎందుకమ్మా? మీ గొంతు ఎలాగూ ఉండదుగా."

"ఉండకపోతే పోనీ. నా నోట్లో అన్నా ఉండనీ."

అతను తల గోక్కున్నాడు. "రాసే ఆయన ఇంకా నిద్రే లేవలేదమ్మా."

ఇప్పుడు మళ్ళీ లైట్లు వెలిగాయి. "రెడీ! అంకెలు మొదలెట్టండమ్మా!" అని దర్శకుడు కేకేశాడు.

"కానీ గంటా, మళ్ళీ తుమ్మొచ్చేలా ఉంది" అని పెదాలు కదపకుండా గొణిగాడు శవంగా పడుకున్న ఒకప్పటి రాజు.

"ఒక..." అంది ఆవిడ. పంటి కింద నాలిక నొక్కిపట్టింది. కెమెరా తిరుగుతూనే ఉంది. అందరూ ఆవిడ మొహం వంకే చూస్తున్నారు.

"అక్కా!"

షెడ్డు రేకులు అదిరాయి. పైన చెక్కల మీద లైట్లు తిప్పేవాడు వంగి చూశాడు. "అక్కా, ఎంత పని చేశావే! మిషను కుడుతూ కుడుతూ నాకు మాటలు వల్లె వేయించావే! నీకోసం ఒక్క మాట అనలేకపోయానే, అక్కా!" ఆ గొంతు ఎక్కడా తగ్గలేదు. ఏడుపు ఎక్కడ ఆపాలో ఆవిడకి తెలియలేదు. రాజు కళ్ళు మూసుకునే ఉన్నాడు గానీ, కంటి కొసలోంచి నీళ్ళు చెవిలోకి జారాయి.

"కట్! కట్! అక్కేంటమ్మా? అక్కడ పడుకుంది మీ మొగుడు!" అన్నాడు దర్శకుడు. ఒకడెవడో నవ్వబోయి, ఎవరూ తోడు రాకపోయేసరికి ఊరుకున్నాడు. "ఇంకో టేకు. ఈసారి బుద్ధిగా అంకెలు చెప్పండి."

ఆవిడ పమిటతో మొహం తుడుచుకుంది. రంగంతా పమిటకి వచ్చేసింది.

"ఇక లెక్కపెట్టను బాబూ."

"ఏంటీ?"

"మాటలివ్వండి, చెబుతాను. అంకెలు మాత్రం ఇక నా నోట రావు."

"ఇలా మొండికేస్తే రేపట్నించి మిమ్మల్ని ఎవరు పిలుస్తారమ్మా?"

ఆ మాట పొద్దుట్నించీ ఆవిడ తనని తాను అడుగుతూనే ఉంది. అద్దె గుర్తొచ్చింది. కూతురు మొహం గుర్తొచ్చింది. "పిలవకపోతే మానండి" అంది.

దర్శకుడు వెనక్కి తిరిగాడు. "ఇంకో అమ్మని పిలవండ్రా! కారు పంపండి!" తర్వాత శవం వైపు చూసి, "పెద్దాయనా, కొత్తావిడ వచ్చేదాకా టైం పడుతుంది. లేచి టీ తాగండి" అన్నాడు.

దుప్పటి కదల్లేదు.

"పెద్దాయనా, మిమ్మల్నే! లేవండి, షాట్ లేదిప్పుడు."

గంటమ్మ చెయ్యి ఇంకా ఆయన గుండెల మీదే ఉంది. దుప్పటి కింద ఆయన ఊపిరి ఎగసెగసి పడడం ఆవిడకి తెలుస్తోంది. దుప్పటి కింద నుంచే ఆయన ఆ చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

శవం లేవలేదు.