తెయోఫిల్ బిగించిన బిరడా

అక్టోబరు వచ్చిందంటే మా కొండ కింది ఊళ్లో నాకు తిండి తినే తీరిక ఉండదు. మంచు పడకముందే ఇంటింటి నేలమాళిగలోకీ దిగి, ఇళ్లను వెచ్చబరిచే బొగ్గు బాయిలర్లు చూసి రావాలి. గదుల్లోని రేడియేటర్లలో చేరిన గాలిని వదలాలి. ఒత్తిడి పెరిగితే తెరుచుకునే సేఫ్టీ వాల్వ్ పిడి ఎత్తితే నీళ్లు చిమ్ముతున్నాయా, వదిలితే మళ్లీ మూసుకుంటోందా అని చూడాలి. ఇరవయ్యేళ్లుగా ఇదే నా పని.

తెయోఫిల్ బాబాయ్, రొజాలియా పిన్ని మాకు నాలుగిళ్ల అవతల ఉండేవారు. చుట్టరికం ఏమీ లేదు, చిన్నప్పటి నుంచీ అలా పిలవడమే. ఆయన రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు.

ఆ సోమవారం నేను వెళ్లేసరికి పిన్ని ఆపిల్ ముక్కలు ఎండబెడుతోంది.

"పడగ్గదిలో రేడియేటర్ ఒకటే గుడగుడ, విటోల్డూ. పక్కన మీ బాబాయ్ గురక. ఇద్దరికీ కలిపి గాలి తీసి పో" అంది.

"నా గాలి తీయడానికి నలభయ్యేళ్లుగా నువ్వున్నావుగా. వాడెందుకు?" అన్నాడు ఆయన.

నవ్వుకుంటూ కిందికి దిగాను. వాల్వ్ పిడి ఎత్తగానే తుప్పు నీళ్లు చిమ్మాయి. వదిలాక మాత్రం అది పూర్తిగా మూసుకోలేదు. చుక్కలు చుక్కలుగా కారుతూనే ఉంది.

"ఇది అరిగిపోయింది బాబాయ్, మార్చాలి. ఎల్లుండి కొత్తది తెస్తా. అందాకా కింద బకెట్ పెట్టుకోండి. మంట పెద్దది చెయ్యొద్దు" అని చెప్పాను.

బుధవారం వాల్వ్ వచ్చింది. దాన్ని వ్యాన్‌లో పడేసుకుని కొండ మీద కొత్తగా కట్టిన అతిథిగృహానికి వెళ్లాను. అక్కడ పెద్ద పని. గురువారమూ అక్కడే, శుక్రవారమూ అక్కడే. నీళ్లు కారితే కారనీ, నాలుగు చుక్కలేగా అనుకున్నాను.

శనివారం ఉదయం తడి మంచు విరగబడి కురిసింది. కరెంటు తీగలు తెగాయి. తెయోఫిల్ బాబాయ్ బాయిలర్ నిండా బొగ్గు వేసి, పెద్దల సమాధుల మీద మంచు తుడిచి రావడానికి వెళ్లాడు. మర్నాడు సమాధుల దగ్గర దీపాలు పెట్టే పండగ. కరెంటు పోవడంతో బాయిలర్లోని వేడినీటిని గదులకు తోసే పంపు ఆగిపోయింది. గొట్టాలు దడదడలాడుతుంటే ఏమిటో చూద్దామని పిన్ని కిందికి దిగింది.

సైరన్ విని నేను వచ్చేసరికి బాయిలర్ పేలి నేలమాళిగ గోడ పెరట్లో పడి ఉంది. పిన్నిని మెట్ల దగ్గర నుంచి బయటికి తీశారు. అప్పటికే ప్రాణం లేదు.

బాయిలర్ల సంగతి తెలిసినవాణ్ణని ఫైర్ అధికారి నన్ను లోపలికి పిలిచాడు. శిథిలాల్లో వాల్వ్ దొరికింది. దాని మూతికి ఇత్తడి బిరడా బిగించి ఉంది. నీళ్లు కారకుండా మరలకు జనపనార ఎంతో పొందిగ్గా చుట్టి ఉంది. అంత శుభ్రంగా చుట్టే చెయ్యి మా ఊళ్లో ఒకటే.

బాబాయ్ పక్కింటి బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎవరిదో కోటు భుజాన కప్పారు.

"కరెంటు పోబట్టేనా, విటోల్డూ?"

"పంపు అందుకే ఆగింది బాబాయ్. కానీ..."

"చెప్పు."

"వాల్వ్ తెరుచుకోగలిగి ఉంటే ఆవిరి బయటికి పోయేది. దాని మూతి మూసేసి ఉంది."

ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు. "బకెట్లో పడే ఆ చుక్కల చప్పుడుకి మీ పిన్నికి నిద్ర పట్టేది కాదు. నువ్వొచ్చేదాకానేగా అని బిగించా" అన్నాడు.

"కొత్తది బుధవారం నుంచీ నా వ్యాన్‌లోనే ఉంది."

ఆయన కోటు మరింత దగ్గరికి లాక్కున్నాడు. తిడితే బాగుండేదనిపించింది.

నివేదికలో రెండూ రాశాను, బిరడా సంగతీ, నా ఆలస్యమూ. ఏడాదిపాటు నా లైసెన్సు ఆపేశారు. ఆయన మీద కేసు పెట్టలేదు. ఊళ్లో సగంమంది నన్ను తిట్టారు, సగంమంది ఆయన్ని.

ఎండాకాలం మొదట్లో, పక్క ఊళ్లో చెల్లెలి దగ్గర ఉంటున్నాడని తెలిసి చూడబోయాను. బాగా చిక్కిపోయాడు. టీ ఇచ్చాడు. తన కప్పు కింద పెట్టి చెప్పాడు.

"ఆ గురువారం మీ పిన్ని నీకు ఫోన్ చేస్తానంది. పాపం వాడికి పనులున్నాయి, విసిగించకు అని నేనే ఫోన్ లాక్కుని పెట్టేశా. ఈ మాట ఎవరికీ చెప్పలేదు."

ఆయన చెయ్యి పట్టుకున్నాను. కాసేపటికి మెల్లగా విడిపించుకున్నాడు.

"ఇంక రాకు నాయనా. నీ మీద కోపం లేదు. నిన్ను చూస్తే అది మెట్లు దిగుతున్నట్టే ఉంటుంది."

అలాగే బాబాయ్ అన్నాను. మళ్లీ వెళ్లలేదు. మరో రెండేళ్లకు ఆయన పోయాడు. తీసుకొచ్చి పిన్ని పక్కనే పడుకోబెట్టారు. సమాధి దగ్గర జనమంతా వెళ్లిపోయేదాకా శ్మశానం గేటు బయటే నిలబడి, అప్పుడు లోపలికి వెళ్లాను.