సూది పక్కన చిరుగు

పెద్దమ్మ రోజంతా వాడుకునే సూదులకు దారాలు ఎక్కించి, కిటికీ దగ్గరున్న చిన్న దిండుకు గుచ్చుతున్నాను. నల్లదారాలు ఒక పక్క, ముదురు నీలం ఒక పక్క. ఆ రెండూ ఆవిడకు ఒకేలా కనిపించడం మొదలై చాలా కాలమైంది. ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ పైకి అనుకోలేదు. మొదట్లో, “ఇవాళ్టికి కాస్త ఎక్కించి పెట్టవే,” అంది. తర్వాత తర్వాత అది నా పనైపోయింది.

పెద్దమ్మది రఫూ పని. చిరిగిన కోటో, నిప్పురవ్వ పడి కాలిన శాలువానో తెస్తే, అదే బట్ట లోపలి మడతలోంచి పోగులు లాగి, ఆ పోగులతోనే చిల్లును మళ్ళీ నేస్తుంది. పని బాగా కుదిరితే అక్కడ చిల్లు ఉండేదని ఎవరూ కనిపెట్టలేరు. ఆ పనిలో ఉన్న చిక్కే అది. చెడితేనే కంటికి ఆనుతుంది.

అందుకని ఆవిడ ఒక పద్ధతి పెట్టుకుంది. బట్ట రాగానే చిల్లు పక్కన ఒక సూది పెట్టి ఫోటో తీయిస్తుంది. పనయ్యాక అదే చోట సూది పెట్టి ఇంకో ఫోటో. రెండో దాంట్లో సూది ఒక్కటే ఉంటుంది, దాని పక్కన ఏమీ ఉండదు. ఆ ఏమీ లేకపోవడమే ఆవిడ పనితనం. ఫోటోలన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా దాచిపెట్టే ఒక చోట ఉండేవి. ఫోన్ నిండిపోయినప్పుడల్లా అక్కడికి ఎక్కించి, ఫోన్‌లోవి చెరిపేసేవాళ్ళం. అడిగినవాళ్ళకు లింకు పంపితే సరిపోయేది.

సూదులు గుచ్చడం పూర్తవకముందే ఫోన్ మోగింది. నాటకశాలలో దుస్తుల గది చూసుకునే ఆవిడ. పాత దుస్తులు బాగుచేయడం కుర్రవాళ్ళకు నేర్పేందుకు మనిషి కావాలని పెద్దమ్మను కిందటి వారం ఆవిడే అడిగింది. “సూది మీరు పట్టక్కర్లేదు, పట్టేవాళ్ళకు చెబితే చాలు,” అందట. ఆ మాట విన్నప్పటి నుంచి పెద్దమ్మ వంటింట్లో కూనిరాగాలు తీస్తోంది. నాటకశాల కమిటీకి చూపించడానికి పాత పనుల ఫోటోలు కావాలంటే, నిన్ననే లింకు పంపాను.

“లింకు తెరిచానండి. అన్నీ బూడిదరంగు గళ్ళే కనబడుతున్నాయి,” అంది ఆవిడ.

నేను తెరిచి చూశాను. నిజమే. ఫోటో ఉండాల్సిన ప్రతిచోటా ఒక బోడి గడి. కింద నాలుగు ముక్కలు: ఉచిత సేవ ఆపేశాం, ముందే తెలియజేశాం, గడువు దాటింది కాబట్టి చెరిపేశాం.

ముందే తెలియజేసింది పెదనాన్నకు. ఖాతా తెరిచింది ఆయన మెయిల్‌తోనే. తాళాలు బాగుచేసే మనిషి కదా, ఇంట్లో పాస్‌వర్డులన్నీ ఆయన అధీనంలోనే ఉంటాయి. వీధిలో అందరూ ఆయన్ని ‘తాళం’ అనే పిలుస్తారు.

“పెదనాన్నా, ఫోటోలు దించుకోమని మీకేమైనా ఉత్తరం వచ్చిందా?”

ఆయన ఒక పాత తాళంలో నూనె చుక్కలు వేస్తున్నాడు. “ఇక్కడ నొక్కండి, అక్కడ నొక్కండి అంటూ వచ్చాయి. ఒకటా రెండా. వచ్చినవి వచ్చినట్టే చెరిపేశాను. అన్నీ దొంగ ఉత్తరాలు.”

“అవి దొంగవి కావు.”

ఆయన చేతిలో నూనెబుడ్డి అలాగే ఆగిపోయింది.

“లోకంలో దొంగలంతా మన గుమ్మం ముందే క్యూ కడతారని కదా మీ నమ్మకం,” అంది పెద్దమ్మ. ఆ మాట ఇంతకుముందు చాలాసార్లు అంది, అన్నప్పుడల్లా ముగ్గురం నవ్వుకునేవాళ్ళం.

నేను ఫోన్ తీసుకుని నాటకశాల ఆవిడకు జరిగింది చెప్పాను. “మీ పెద్దమ్మ పని మీద నాకు నమ్మకమేనమ్మా. కానీ నా నమ్మకాన్ని కమిటీకి చూపించలేను కదా. వారం లోపల ఏదో ఒకటి పంపండి,” అంది.

మూడు రోజులు వెతుకులాటే. ఫోటోలు పెట్టుకోవడానికి ఇంకో ఉచితమైన చోటు దొరికింది గానీ, అది ఫోటోను నొక్కి నొక్కి పోగులన్నీ కలిసిపోయేలా చేస్తోంది. మరొకటి బాగానే ఉంది. తీరా చూస్తే అందులో పెట్టడానికే ఏమీ లేదు. పాత గిరాకీలకు ఒక్కొక్కరికీ మెసేజ్ పెట్టాను, మేం పంపిన ఫోటోలు ఉంటే తిరిగి పంపమని. శాలువా రఫూ చేయించుకున్న ఆవిడ ఫోన్ చేసింది.

“చిల్లా? మా శాలువాకా? ఎప్పుడమ్మా? నిన్న కూడా కప్పుకున్నాను, బంగారంలా ఉంది.”

పెద్దమ్మ వింటూనే ఉంది. “బాగానే కుట్టానన్నమాట,” అని లోపలికి వెళ్ళిపోయింది.

ఒక్క ఫోటో మాత్రం తిరిగొచ్చింది. ఎన్ని చేతులు మారిందో ఏమో, అందులో సూది కూడా నలిగిన దారంలా ఉంది.

మర్నాడు పెదనాన్న బీరువాలోంచి తన ముదురు నీలం కోటు తెచ్చి బల్ల మీద పరిచాడు. పెద్ద పనుంటే తప్ప వేసుకోని కోటు అది.

“దీనికి చిల్లు పెట్టు. ఫోటో తీయండి. మళ్ళీ కుట్టు. ఇంకో ఫోటో తీయండి. అయిపోయె.”

“బాగున్న కోటును పాడుచేస్తామా ఎవరైనా? పోయి లోపల పెట్టండి.”

“కుట్టేది నువ్వైనప్పుడు పాడెందుకవుతుంది? ముందుభాగాన పెట్టు. ఫోటోలో బాగా పడాలి.”

పెద్దమ్మ నా వైపు చూసింది. నేను తల వంచుకుని దిండులో సూదులు సర్దాను. కాసేపటికి కత్తెర చప్పుడు వినిపించింది. సరిగ్గా గుండె దగ్గర, వేలిగోరంత చిల్లు. సూది పెట్టి ఫోటో తీశాను.

చిన్నదే అయినా ఆ చిల్లుకు రెండు రోజులు పట్టింది. ఆవిడ కుర్చీని కిటికీకి దగ్గరగా జరుపుకుంది. ఇంకా జరుపుకుంది. నేను సాయానికి వెళితే, “వెలుతురుకు అడ్డం, అటు పోవే,” అంది. వేసిన పోగులు విప్పడం, మళ్ళీ వేయడం. అన్నానికి పిలిస్తే లేవలేదు. పెదనాన్న మాత్రం హుషారుగా గది బయట అటూ ఇటూ తిరుగుతూ, “అయిందా? ఇంకా కాలేదా?” అంటూనే ఉన్నాడు.

“అయింది,” అంది చివరికి. తనే సూది పెట్టి పక్కకు తప్పుకుంది.

ఫోటో తీశాను. తెర మీద వేళ్ళతో పెద్దది చేసి చూశాను. సూది పక్కన సన్నని గట్టు ఒకటి లేచి ఉంది, మానిన గాయం తాలూకు మచ్చలా. ఒక మూల నేత పక్కకు పోయింది.

పెదనాన్న నా భుజం మీదుగా ఫోన్‌లోకి చూశాడు. తర్వాత కోటు దగ్గరకు పోయి బొటనవేలితో ఆ చోటు తడిమాడు, తాళంలో ఏ పన్ను అరిగిందో చూసేటప్పుడు తడిమినట్టు. రెండోసారి తడిమి తలెత్తాడు. కిటికీ దగ్గర దిండు, దాని నిండా దారాలు ఎక్కించి ఉన్న సూదులు. ఆ దిండు ఎప్పటి నుంచో అక్కడే ఉంది. ఆయన మాత్రం దాన్ని అప్పుడే చూస్తున్నాడు.

“ఎప్పటి నుంచి?” అన్నాడు.

“చాన్నాళ్ళయింది.”

“నాకొక మాట చెప్పలేదేం?”

“చెబితే నా పనికి కూడా తాళం వేసేవారు.”

ఎవరూ నవ్వలేదు. పెద్దమ్మ కళ్ళజోడు తీసి చీరచెంగుతో తుడుస్తూ కూర్చుంది. తుడవడం ఎంతకూ అవ్వలేదు. రేపటితో నాటకశాల ఆవిడ ఇచ్చిన వారం అయిపోతుంది.

“పంపనా పెద్దమ్మా?” అని అడిగాను.

“ఏమని పంపుతావు? నేర్పడానికి వస్తానన్న మనిషి చేతిపని ఇదీ అనా? చెరిపేయ్.”

“మొదటి ఫోటో కూడానా?”

“రెండూ.”

చెరిపేశాను. పెదనాన్న బల్ల మీది సూదిని తీసి దిండుకు గుచ్చాడు. నల్లదారాల పక్కన. అందులో ఉన్నది నీలం పోగు, నీలం సూదుల వైపు ఉండాల్సింది. నేను మార్చలేదు. ఆయన కోటు దులిపి తొడుక్కున్నాడు. గుండీలు కింది నుంచి పైదాకా ఒక్కటీ వదలకుండా పెట్టుకున్నాడు. గుండె మీద ఆ గట్టు నేనున్న చోటికి కూడా తెలుస్తోంది.

“ఎక్కడికండీ, దాన్ని వేసుకుని?” అంది పెద్దమ్మ.

ఆయన చెప్పులు తొడుక్కుని, ఎప్పుడూ రెండుసార్లు లాగి చూసుకునే తలుపును ఓరగా వదిలేసి, “నువ్వు కుట్టిందేగా,” అంటూ వీధిలోకి వెళ్ళిపోయాడు.