తూర్పు దిక్కు దడి

పానగల్ దాటి కొంత దూరం పోతే వచ్చే ఊళ్ళో, సాలోళ్ళ వాడలో చివరి ఇల్లు స్వర్ణలతది. పొద్దున్నే వాకిలి ఊడ్చి, సాన్పి చల్లి, మార్కండేయుని పటం ముందు దీపం పెట్టేది. దీపం పెట్టాక ఒకసారి తూర్పు దిక్కు చూసుకునేది, ఇవ్వాళ దడి ఎక్కడుందో అని. ఆ తర్వాతే మగ్గం గుంటలో కాళ్ళు దించేది.

ఆ దడి కంది కట్టెది. స్వర్ణలత ఇంటికీ, గొర్రెల ఉప్పలమ్మ ఇంటికీ నడుమ ఉండేది. దానికి తాతల నాటి కట్టుబాట్లు ఉన్నాయి. కందులు కొట్టాక ఒక ఏడు వీళ్ళు కట్టాలి, ఇంకో ఏడు వాళ్ళు. కట్టినవాళ్ళు ముడులు తమ దిక్కే వేసుకోవాలి, కట్టె కొసలు పక్కింటోళ్ళకు గుచ్చుకోకూడదు. ఎత్తు రొమ్ము దాటొద్దు. దాటితే కూరగిన్నె ఎట్లా అందిస్తారు?

ఇంతవరకూ మనుషుల పని. మిగిలింది దడే చూసుకునేది. ఉప్పలమ్మ గొర్రెలు ఈనే కాలానికి పడమరకు నడిచి స్వర్ణలత అరుగు దాకా వచ్చేది. స్వర్ణలత నేతకు నిలువు పోగులు పరిచి పడుగు చాపే వారానికి తూర్పుకు నడిచి ఉప్పలమ్మ కొట్టం దాకా పోయేది. మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ నడిచేది, ఎవరికీ అడ్డం రాకుండా. దాని మీద బట్టలు ఆరేసినవాళ్ళు, లేచాక పక్కింటి వాకిట్లోకి పోయి తెచ్చుకునేవాళ్ళు.

ఆ ఏడు మాఘంలో కొత్త పంచాయతీ కార్యదర్శి ఎల్లేష్ కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు.

"అమ్మా, బజారు దిక్కు ముండ్ల కంప ఉండొద్దు. దడి నాలుగు ఫీట్ల మీద లేపొద్దు. ఎవరి హద్దు యాడిదాకనో మంగళారం కొలిచి కంప్యూటర్ల ఎక్కిస్త. ఎక్కినంక మార్చుడు ఉండది."

"మా పాత కాగితంల తూర్పుకు దడి అనే ఉంది సారూ," అంది స్వర్ణలత.

"అయితే దడి యాడుంటే ఆడికే కొలుస్త."

"అది నడుస్తది గద నాయినా," అంది ఉప్పలమ్మ దడి అవతలి నుంచి.

"నడవనియ్యి అవ్వా, నాకేం ఫికర్ లేదు. గని కంప్యూటర్ల గీత ఒక్కటే పడ్తది."

అప్పటికి ఉప్పలమ్మ గొర్రెలు పదకొండు ఈనాయి. దడి స్వర్ణలత అరుగును ఆనుకుని ఉంది. వాకిలి ఎనిమిది గజాలు కూడా లేదు. పడుగు చాపాలంటే పద్దెనిమిది కావాలి. ఒకప్పుడు బజార్లో చాపేవాళ్ళు. సీసీ రోడ్డు పడ్డాక ట్రాక్టర్లు అక్కడ దారం నిలువనివ్వడం లేదు.

ఆ సాయంత్రం హైదరాబాదు నుంచి భర్త దయాకర్ ఫోన్ చేశాడు. అతను అక్కడ కంపెనీలో పని చేస్తాడు.

"మంగళారం కొలిస్తె మన జాగా పోతదంట గద, హయత్‌నగర్ల రూం కిరాయికి మాట్లాడిన. ఆదివారం ట్రాలీ తీస్కొని వస్త. మగ్గం ఇప్పేద్దాం. నువ్వు గూడ కుట్టు కంపెనీల చేరొచ్చు."

"జాగా పోతదని ఎవలన్నరు?"

"గొర్రెలు ఈనే దినాలల్ల దడి యాడుంటదో నాకెర్క లేదా స్వర్ణా?"

ఆమె ఫోన్ పెట్టేసింది. పన్నెండో ఏట మగ్గమెక్కింది. చేతులకు ఇంకో పని తెలియదని కాదు, ఇంకో పనిలో మనసు నిలబడదు.

సోమవారం పొద్దున అత్తగారి పాత పెట్టె తెరిచింది. ఆ పెద్దమనిషి పోయేనాటికి సగంలో ఆగిన పడుగు ఒకటి అందులో ఉంది. ఎలుకలు కొరికి పోగులు వేలాడుతున్నాయి. పడుగు చూస్తే దడి జరుగుతుందని, దాన్నే తెచ్చి ఉన్న వాకిట్లోనే కట్టి, ఇంత గంజి చిలకరించి, మధ్యాహ్నం కునుకు వేళకు లోపలికి పోయి కళ్ళు మూసుకుంది. లేచి చూసేసరికి దడి తూర్పుకు నడిచి ఉప్పలమ్మ కొట్టాన్ని ఆనుకుంది. అవతల ఇరుకులో గొర్రె పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి అరుస్తున్నాయి.

కాసేపటికి ఉప్పలమ్మ జున్ను గిన్నెతో దడి దగ్గరికి వచ్చింది. ఇవతలికి చెయ్యి చాపి ఒక పోగు పట్టుకుంది. అది ఆమె వేళ్ళలోనే తెగిపోయింది.

"ఏం పడుగే కోడలా ఇది? ఎలుకలకు చీరెలు నేస్తున్నవా?"

స్వర్ణలత తల దించుకుంది.

"మేము గొంగళ్ళు నేసినోళ్ళమే. నూలేందో నాకు తెల్వదా?" అని గిన్నె చేతిలో పెట్టింది. "తిను. సల్లారితె బాగుండది."

అంతే, వెనక్కి తిరిగి పోయింది. తిట్టి ఉంటే నయమనిపించింది స్వర్ణలతకు. ఆ జున్ను గిన్నెను అట్లాగే మూత పెట్టి అరుగు మీద ఉంచింది.

మంగళవారం పొద్దున దీపం పెట్టింది గానీ పటం దిక్కు చూడలేకపోయింది. వాకిట్లోకి వచ్చి పడుగు ముడులు ఒక్కొక్కటే విప్పి చుట్టేసింది. పోతే పోయింది జాగా. మధ్యాహ్నానికి దడి మళ్ళీ అరుగు దగ్గరికి వస్తుంది, సారు కొలుచుకుంటాడు, ఆదివారం ట్రాలీ వస్తుంది. అట్లా అనుకుని స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

ఎంతసేపటికీ గొర్రె పిల్లల అరుపు లేదు. లేచి దడి దగ్గరికి పోయింది. కొట్టం ఖాళీగా ఉంది. ఉప్పలమ్మ ఒక్కతే గడప మీద కూర్చుని ఉంది.

"గొర్లేవి అత్తా?"

"పొద్దుగాలనే చెల్క చేను కాడికి తోలిన."

"ఆడ కుక్కలు తిరుగుతయి గదా! పోయినేడు రెండు పిల్లల్ని ఎత్తుకపాయె."

"ఎర్కే. మా ఆయన కట్టె పట్టుకొని కావలున్నడు. ఇయ్యాల్టికి నీకు జాగా ఉండాలె గద. ఇంతకు నీ ఎలుకల పడుగేది?"

"చుట్టేసిన."

"ఎందుకే?"

"పిల్లలు అరుస్తుంటే ఇనలేక."

ఉప్పలమ్మ గడప మీది నుంచి లేచింది. "నువ్వొక పిస్సదానివి, నేనొక పిస్సదాన్ని," అంది కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

అప్పుడు చూశారు ఇద్దరూ. దడి కొట్టం దగ్గర లేదు, అరుగు దగ్గరా లేదు. పట్టపగలు, వాళ్ళు మాట్లాడుతుండగానే వాకిలి నడుమకు వచ్చి నిలబడింది. ఒక అడుగు అటు వేసింది, ఒక అడుగు ఇటు వేసింది. జాగా కావాలన్నవాళ్ళు ఏ దిక్కూ లేరు. మెల్లగా వంగి, కట్టెలు పటపటమంటుండగా, నేల మీద చాపలా పండుకుంది.

ఎల్లేష్ టేపు తీసుకుని వచ్చి, చుట్టూ చూశాడు.

"దడి ఏదమ్మా?"

"పండుకుంది సారూ."

"మల్ల లేస్తదా?"

"ఎవలికెర్క నాయినా," అంది ఉప్పలమ్మ. "శాన దినాలు నడిసింది గద."

ఎల్లేష్ కాగితాలు తిరగేశాడు. ఒక చోట వేలు పెట్టి రెండుసార్లు చదువుకున్నాడు.

"నిలబడ్డ దడి లేకుంటె నడుమ గీత గీయొద్దని ఉంది. రెండిండ్లకు ఉమ్మడి వాకిలి అని రాస్త. మంచిగ ఇనుండ్రి, ఇద్దరు ఒప్పుకోంది ఈ వాకిట్ల ఒక్క రాయి గూడ పాతనీకి లేదు."

ఆ కాగితం మీద స్వర్ణలత సంతకం పెట్టింది. ఉప్పలమ్మ వేలిముద్ర వేసి, ఆ సిరాను పండుకున్న దడికే తుడిచింది. సాయంత్రానికి గొర్రెలన్నీ, పిల్లలతో సహా, కొట్టానికి చేరాయి.

బుధవారం స్వర్ణలత నల్లగొండ పోయి నూలు తెచ్చింది.

ఆదివారం పది గంటలకు బజార్లో ట్రాలీ ఆగింది. మగ్గం కట్టెలు కట్టడానికి తాడు భుజాన వేసుకుని దయాకర్ లోపలికి వచ్చాడు. వాకిట్లో ఈ మూల నుంచి ఉప్పలమ్మ కొట్టం గుంజ దాకా, పద్దెనిమిది గజాలు, నీలం రంగు పడుగు సాగి ఉంది. గొర్రె పిల్లల మీద గంపలు బోర్లించి ఉన్నాయి. స్వర్ణలత గంజి కుంచెతో ఒక కొస నుంచి వస్తోంది. భర్తను చూసి కూడా చెయ్యి ఆపలేదు.

"అన్నా, సామాను యాడుంది?" ట్రాలీ నడిపే గోపీకృష్ణ హారన్ కొట్టాడు.

దయాకర్ వాకిట్లోనే ఆగిపోయాడు. పడుగునూ, దాని కింద నేల మీది కంది కట్టెనూ, భార్య మొఖాన్నీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"ఏం సూస్తున్నవ్ కొడుకా?" అంది ఉప్పలమ్మ గుంజ దగ్గరి నుంచి. "ముసల్దాన్ని, ఎంతసేపని పట్టుకుంట? చెప్పులిడిసి వచ్చి ఈ కొస పట్టుకో. గంజి ఆరిపోతాంది."

దయాకర్ భుజం మీది తాడు తీసి అరుగు మీద పెట్టాడు. చెప్పులు విడిచి, పోయి కొస పట్టుకున్నాడు.