పుట్టిన వారం

మా కేప్ కోస్ట్ ఆస్పత్రి కంప్యూటర్లోంచి ఒక పేషెంటు రహస్యం బయటికి పొక్కింది. హెచ్.ఐ.వి. అని ఊరంతా తెలిసిపోయేసరికి, చేపలమ్ముకునే ఆ పిల్ల మార్కెట్లో తలెత్తుకోలేక టకోరాడి వెళ్లిపోయింది. ఫైలు తెరిచింది అరబా ఆంటీ ఖాతాతో. ఆవిడ రికార్డుల గదిలో ఇరవై తొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. రిటైర్మెంటుకు ఇంకా పది నెలలు.

కంప్యూటర్ల ఆఫీసరు ఆన్సాది ఒకటే పాట: పాస్‌వర్డు ఆవిడే ఎవరికో చెప్పింది, ఉద్యోగంలోంచి తీసేయాల్సిందే. మనుషుల అలవాట్ల మీద చదువుకున్నదాన్నని విచారణ నాకు అప్పజెప్పారు.

రెండు వారాలు ఆవిడ పక్కనే కూర్చున్నాను. తను తెచ్చుకున్న మొక్కజొన్న కెంకే ముద్దలో సగం నాకు పెట్టేది. పాస్‌వర్డు మాత్రం ఎంత అడిగినా చెప్పలేదు. ఫైలు తెరిచిన మర్నాడు అది పనిచేయడం లేదని మొత్తుకుంటే, మరిచిపోయి ఉంటావు పొమ్మని ఆన్సా కసిరాడట.

అనుమానం వచ్చి పాత నమోదులు తీయించాను. దొంగకు పాస్‌వర్డే అవసరం పడలేదు. ఆవిడ మెడలో కార్డు మీది నంబరు కొట్టి, 'మరిచిపోయాను' అని నొక్కాడు. కొత్త పాస్‌వర్డు ఇచ్చే ముందు కంప్యూటర్ ఒక్క ప్రశ్న అడిగింది: మీరు ఏ వారం పుట్టారు?

ఆ ప్రశ్న నాదే. మూడేళ్ల కిందట ఈ కంప్యూటర్లు పెట్టిన విదేశీ కంపెనీ మీ మొదటి పెంపుడు జంతువు పేరేమిటని అడిగితే, ఇంట్లో ఏ మేక పేరు చెప్పాలని అందరూ నవ్వారు. మనవాళ్లు చచ్చినా మరిచిపోనిది అడగండని గొప్పగా రాసిచ్చింది నేనే. నా చదువు తగలెయ్య!

విచారణ మీటింగులో ఆన్సా తన ఆరోపణలు చదవడం అయ్యాక లేచి నిలబడ్డాను.

"సార్, ఈవిడ ఏ వారం పుట్టింది?" అని డైరెక్టరును అడిగాను.

"అదేం ప్రశ్నమ్మా? మంగళవారం పుట్టిన ఆడపిల్లకే కదా మనం అరబా అని..." ఆయన మాట మధ్యలోనే ఆగిపోయింది.

"ఆ ప్రశ్న పెట్టించింది నేనే సార్. ఆవిడను పేరు పెట్టి పిలిచిన ప్రతివాడికీ జవాబు తెలుసు. తీసేస్తే నన్ను తీసేయండి."

అరబాను పనిలో ఉంచారు. నా సంగతి తర్వాత చెబుతామన్నారు. దొంగెవరో తేలనే లేదు.

బయట వరండాలో ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. మెచ్చుకుంటుందనుకున్నాను, సిగ్గులేనిదాన్ని.

"నా ఉద్యోగం నిలబడింది, సరే. ఆ పిల్ల తిరిగొస్తుందా అమ్మాయీ?"

ఆ మధ్యాహ్నమే టకోరాడి బస్సెక్కాను, కనీసం ఆ తప్పు నాదని ఆ పిల్లతో చెప్పడానికి.